కిరోసిన్, గాలి, ఇల్లు: సియాచిన్ పోస్టులో చలికాలం ఎలా గడుస్తుంది

సియాచిన్ నుంచి మన పత్రికల దాకా వచ్చే వార్త దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. మంచుచరియలు విరిగిపడ్డాయి, ఇంతమంది జవాన్లు చనిపోయారు, మృతదేహాలు ఫలానా ఊరికి చేరాయి. చదివినవాళ్లకు వచ్చే సందేహమూ ఒకటే. అక్కడ 2003 నవంబరు నుంచి పాకిస్తాన్‌తో కాల్పుల విరమణ ఉంది కదా, మరి ఈ చావులేమిటి?

2016 ఫిబ్రవరి 3న 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ పోస్ట్ మీద మంచు విరిగిపడింది. మద్రాస్ రెజిమెంట్ 19వ బెటాలియన్‌తో ఉన్న 10 మంది దాని కింద చిక్కుకుపోయారు. వాళ్లలో అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. కర్ణాటకకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్‌ను ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో బయటికి తీశారు, కానీ ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో ఆయనా చనిపోయారు. ఈ పదిమందిలో ఎవరికీ తూటా తగల్లేదు. 1984 నుంచి అక్కడ మన సైన్యం 800 మందికి పైగా పోగొట్టుకుంది. వారిలో అత్యధికులు చలికీ, ఎత్తుకీ, మంచుకీ బలైనవాళ్లే.

ఈ లెక్క అర్థం కావాలంటే వ్యూహం కంటే ముందు ఆ పోస్టులో ఒక రోజు ఎలా గడుస్తుందో తెలియాలి. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి, అన్నం ఎలా ఉడుకుతుంది, ఇంటికి కబురు ఎలా వెళ్తుంది అన్నవి అక్కడ చిన్న విషయాలు కావు.

పటం మీద ఆగిపోయిన గీత

సియాచిన్ కారకోరం పర్వతాల్లో సుమారు 76 కిలోమీటర్ల పొడవున్న హిమనదం. నుబ్రా నది పుట్టేది దీని మూతి దగ్గరే. బాల్టీ భాషలో ఈ పేరుకు గులాబీలు విస్తారంగా ఉండే చోటు అని అర్థం చెబుతారు. కింద లోయలో అడవి గులాబీలు ఉన్న మాట నిజమే గానీ పైన గడ్డిపోచ కూడా మొలవదు.

1949 కరాచీ ఒప్పందంలో భారత్, పాకిస్తాన్ల మధ్య కాల్పుల విరమణ రేఖను పటం మీద ఎన్‌జే 9842 అనే బిందువు దాకా గీశారు. అక్కడి నుంచి "ఉత్తరంగా హిమనదాల వైపు" అని రాసి వదిలేశారు. అంత ఎత్తుకు సైన్యాలు వెళ్తాయని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో భారత సైన్యం హిమనదానికి పడమటి గోడలా ఉన్న సల్తోరో శిఖరశ్రేణి కనుమలను చేజిక్కించుకుంది. అప్పటినుంచి రెండు సైన్యాలూ ఎదురెదురుగా ఉన్న సుమారు 110 కిలోమీటర్ల గీతను వాస్తవ మోహరింపు రేఖ అంటారు. నియంత్రణ రేఖ, చైనాతో ఉన్న వాస్తవాధీన రేఖ వేరు, ఇది వేరు. వార్తల్లో ఈ మూడూ తరచూ కలిసిపోతుంటాయి.

బేస్ క్యాంప్ సుమారు 12,000 అడుగుల ఎత్తున ఉంటుంది. పోస్టులు 16,000 నుంచి 21,000 అడుగులు దాటి ఉంటాయి. 1987లో నాయబ్ సుబేదార్ బాణాసింగ్ బృందం గెలిచిన, ఇప్పుడు ఆయన పేరే ఉన్న పోస్టు ఎత్తు 21,153 అడుగులు. పైన పోస్టుల్లో సాధారణంగా మూడు నెలలుంచి దించేస్తారు. అంతకు మించితే శరీరం తట్టుకోలేదు.

గాలి ఉంది, ఒత్తిడి లేదు

"పైన ఆక్సిజన్ శాతం తక్కువ" అనడం మామూలైపోయింది. శాతం ఎక్కడైనా 21 మాత్రమే. తగ్గేది గాలి ఒత్తిడి. 18,000 అడుగుల దగ్గర అది సముద్రమట్టంలో ఉన్నదానికి సగం. అంటే మచిలీపట్నంలో ఒక్క శ్వాసకు అందే ప్రాణవాయువు అక్కడ రెండు శ్వాసలు తీస్తే గానీ అందదు.

శరీరం దీనికి సర్దుకోగలదు, కానీ దానికి టైమివ్వాలి. 1962 యుద్ధంలో మైదానాల నుంచి జవాన్లను నేరుగా ఎత్తైన చోట్లకు చేర్చినప్పుడు చాలామంది జబ్బుపడ్డారు. ఆ అనుభవం నుంచి మన సైనిక వైద్యులు 1,925 మంది జవాన్ల కేసులతో 1969లో ప్రచురించిన అధ్యయనాన్ని పర్వత వైద్యంలో ఇప్పటికీ ఉదహరిస్తారు. ఇప్పుడు సైన్యం పాటించే పద్ధతిలో మూడు మెట్లున్నాయి. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు, 15,000 దాకా నాలుగు రోజులు, ఆపైన మరో నాలుగు. మొత్తం 14 రోజులు. మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి. కుర్రవాళ్లు, బలంగా ఉన్నవాళ్లు ఈ విశ్రాంతిని లెక్కచేయక పరుగులు తీసి పడిపోవడం వైద్యులకు పాత కథే. కండబలానికీ దీనికీ సంబంధం లేదు.

సర్దుకోకపోతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఫౌజీలు దీన్ని హేపో అంటారు. పొడిదగ్గు, కూర్చున్నచోటే ఆయాసం, తర్వాత గులాబీ రంగు నురగ. అసలు మందు కిందికి దించడమే. రాత్రి తుపానులో హెలికాప్టర్ రాదు కాబట్టి రోగిని పడుకోబెట్టి జిప్ వేసే గాలి సంచి వాడతారు. కాలితో పంపు కొడుతూ లోపలి ఒత్తిడిని పాదరసం లెక్కలో 100 మిల్లీమీటర్లు పెంచితే, 18,000 అడుగుల దగ్గరున్న మనిషి శరీరానికి 12,000 అడుగులకు దిగినట్టే లెక్క. మనిషి ఉన్నచోటే ఉంటాడు, ఒత్తిడి మాత్రం కొండ దిగుతుంది. పంపు కొట్టేవాళ్లు మాత్రం వంతులవారీగా తెల్లారేదాకా కొడుతూనే ఉండాలి, ఎందుకంటే సంచిలోని గాలిని మార్చకపోతే లోపల ఊపిరాడదు.

మైనస్ 30 మీద గాలి వీస్తే

ఎత్తు ప్రతి 1,000 మీటర్లకూ వేడిని సగటున 6.5 డిగ్రీలు తగ్గిస్తుంది. బేస్ క్యాంప్ నుంచి 20,000 అడుగుల పోస్టుకు తేడా సుమారు 2,440 మీటర్లు కాబట్టి కింద మైనస్ 15 ఉన్న రోజున పైన మైనస్ 31 దగ్గర ఉంటుంది. నడిచలికాలంలో రాత్రులు మైనస్ 50 దాకా పోతాయి.

దీనికి గాలి తోడవుతుంది. ఒంటిచుట్టూ ఉండే పల్చని వెచ్చటి పొరను గాలి ఊడ్చుకుపోతుంది. మైనస్ 20 దగ్గర గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 34 లాగా తగులుతుంది. మైనస్ 30 అయితే మైనస్ 47 దాటుతుంది. ఆ స్థితిలో చేతితొడుగు తీసి బూటు తాడు కట్టుకోవడానికి పట్టే టైమే ప్రమాదం. ఇనుపవస్తువును ఉత్త చేత్తో పట్టుకుంటే చర్మం అతుక్కుపోయి, చెయ్యి లాగితే ఊడివస్తుంది.

చలి కంటే ముందు భయపడాల్సింది చెమటకి. బరువు మోస్తూ ఎక్కేటప్పుడు పట్టిన చెమట ఆగిన అయిదు నిమిషాలకు బనీను మీద గడ్డకడుతుంది. అందుకే నడక మొదలుపెట్టే ముందు ఒక పొర తీసేసి కాస్త వణుకుతూనే బయల్దేరమంటారు. తడిసిన మేజోళ్లను బయట ఆరేస్తే రేకుల్లా బిగుసుకుపోతాయి. వాటిని పొట్టకు ఆనించుకుని నిద్రసంచిలో పడుకుంటే తెల్లారేసరికి ఆరతాయి. నీళ్ల సీసా, బూటు లోపలి తొడుగు, టార్చి బ్యాటరీలు కూడా సంచిలోకే వస్తాయి. పడుకోవడానికి చోటు ఎంత మిగులుతుందో ఊహించుకోవచ్చు.

తుపాకీ సంగతి దీనికి తలకిందులు. వెచ్చని గుడిసెలోకి తెస్తే లోహం మీద తేమ పట్టి, మళ్లీ బయటికి తీసుకెళ్లగానే ఆ తేమ మంచై యంత్రం బిగిసిపోతుంది. అందుకే దాన్ని చలిలోనే ఉంచుతారు.

మొద్దుబారి తెల్లబడిన వేళ్లను రుద్దకూడదు. లోపల ఏర్పడిన మంచు స్ఫటికాలు కణాలను కోసేస్తాయి. 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో ముంచి ఉంచాలి, అది కూడా మళ్లీ గడ్డకట్టే అవకాశం లేనప్పుడే. ఇంకా రెండు గంటలు నడవాలంటే గడ్డకట్టిన పాదంతోనే నడిపిస్తారు. కరిగి మళ్లీ గడ్డకట్టిన పాదాన్ని దక్కించుకోవడం కష్టం.

ఒక లీటరు నీళ్ల వెల

చుట్టూ కనుచూపు మేర గడ్డకట్టిన నీరే, తాగడానికి చుక్క ఉండదు. ప్రతి గుక్కా కరిగించుకోవాల్సిందే.

మైనస్ 30 దగ్గర ఉన్న కిలో మంచును సున్నాకు తేవడానికి సుమారు 63 కిలోజౌళ్లు, కరిగించడానికి 334, తాగే నీళ్లుగా 10 డిగ్రీలకు తేవడానికి 42. మొత్తం 440 దాకా. లీటరు కిరోసిన్‌లో సుమారు 35,000 కిలోజౌళ్లుంటాయి, కానీ ఈదురుగాలిలో స్టవ్ వేడిలో మూడోవంతు గిన్నెకు చేరితే గొప్పే. ఆ లెక్కన లీటరు కిరోసిన్‌కు 25 లీటర్ల నీళ్లు. పొడిగాలిలో వేగంగా ఊపిరి తీస్తుంటే ఒళ్లు ఎండిపోతుంది కాబట్టి మనిషికి రోజుకు 4, 5 లీటర్లు కావాలి. పదిమందికి 50 లీటర్లు. అంటే వంట, వెచ్చదనం లెక్కలోకి రాకముందే కేవలం దాహానికి రోజుకు రెండు లీటర్ల కిరోసిన్ కాలిపోతుంది.

కరిగించడంలోనూ ఒక కిటుకుంది. ఖాళీ గిన్నెలో పొడిమంచు కుక్కి మంట పెడితే అడుగున కరిగిన కాస్త నీటినీ పైమంచు పీల్చేసుకుంటుంది, అడుగు మాడుతుంది, నీళ్లకు మాడు వాసన పడుతుంది. అందుకే నిన్నటి నీళ్లు ఒక గ్లాసైనా మిగుల్చుకుని ముందు పోయాలి. మజ్జిగ తోడుకు చుక్క పెరుగు దాచుకున్నట్టు. తాజా మంచు పది గిన్నెలు కరిగిస్తే ఒక గిన్నె నీళ్లొస్తాయి, గట్టిపడిన పాతమంచయితే మూడు గిన్నెలు చాలు. ఏ వైపు మంచు తవ్వాలి, ఏ వైపు మరుగుదొడ్డి అన్నది పోస్టుకు వచ్చిన మొదటిరోజే చూపిస్తారు.

మరి ఈ కిరోసిన్ పైకెలా వస్తుంది? కింది పోస్టుల దాకా నుబ్రా లోయ పల్లెల కూలీలు మోస్తారు, స్నో స్కూటర్లు లాగుతాయి. కొసన ఉన్న పోస్టులకు చీతా హెలికాప్టరే దిక్కు. గాలి పల్చబడితే రెక్కలకు పట్టు దొరకదు కాబట్టి అక్కడ అది మోసుకెళ్లగలిగేది ఒకటో రెండో జెర్రీకాన్లు, అంటే కిరోసిన్ డబ్బాలు. ఆ ఒక్క జెర్రీకాన్ కోసం ఇద్దరు పైలట్లు ప్రాణాలు పణంగా పెడతారు.

బుఖారీ, మసి, తలనొప్పి

పోస్టులో ఫైబర్ గ్లాస్ పలకలతో కట్టిన గుడిసెలో నలుగురైదుగురు ఒకరి పక్కన ఒకరు పడుకుంటారు. మధ్యలో బుఖారీ, అంటే గుడిసెను వేడిచేసే కిరోసిన్ పొయ్యి. హిమనదం నిలకడగా ఉండదు, మెల్లగా జారుతూనే ఉంటుంది కాబట్టి నేల ఒరిగి, గుడిసెను అప్పుడప్పుడూ మళ్లీ సరిచేసుకోవాలి.

బుఖారీతో వచ్చే మసి ముక్కుల్లో, గొంతులో, అన్నంలో చేరుతుంది. అంతకంటే ప్రమాదం కంటికి కనపడని కార్బన్ మోనాక్సైడ్. చలికి తట్టుకోలేక ఎవరో ఒకరు గాలి సందు మూసేస్తే చాలు. దీనికి మొదటి లక్షణం తలనొప్పి, వికారం. ఎత్తు జబ్బుకూ మొదటి లక్షణాలు ఇవే. ఎలా విడదీయాలి? గుడిసెలో ఒక్కడికే తలనొప్పి అయితే ఎత్తును అనుమానించాలి. అందరికీ ఒకేసారి వచ్చి, బయటికి వెళ్లగానే తగ్గితే తప్పు బుఖారీది.

నిద్ర సరిగా పట్టదు. ఆ ఎత్తున నిద్రలో ఊపిరి కొన్ని క్షణాలు ఆగిపోయి, ఒక్కసారిగా ఎగశ్వాసతో మళ్లీ మొదలవుతుంది. పక్కవాడి ఊపిరి ఆగడం విని ఉలిక్కిపడి లేవడం కొత్తవాళ్లకు మామూలే. స్నానం వారాల తరబడి ఉండదు.

మరుగుదొడ్డి సమస్య నుంచి అనుకోకుండా ఒక మేలు జరిగింది. మామూలు సూక్ష్మజీవులు ఆ చలిలో పనిచేయవు, పడేసింది ఏళ్లతరబడి అలాగే ఉండిపోతుంది. దీనికోసం చలిని ఓర్చే బ్యాక్టీరియాతో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ చేసిన బయో డైజెస్టరే తర్వాత మన రైలు పెట్టెల కిందికి వచ్చింది. విజయవాడ స్టేషన్లో పట్టాలు ఇదివరకటి కంటే శుభ్రంగా ఉన్నాయంటే అందులో సియాచిన్ వాటా కొంత ఉంది.

ఉడకని అన్నం, అవసరం తీరని ఆకలి

18,000 అడుగుల దగ్గర నీళ్లు 82 డిగ్రీలకే మరుగుతాయి. ఎంతసేపు మరిగించినా బియ్యం పలుకుగానే ఉంటుంది, పప్పయితే అసలే ఉడకదు. ప్రెషర్ కుక్కర్ మూతపెట్టాక లోపల వేడి 111 డిగ్రీల దాకా వెళ్తుంది. సముద్రమట్టంలో అదే కుక్కర్ 121కి చేరుతుంది. అందుకే ఇంట్లో మూడు కూతలకయ్యే పప్పుకు అక్కడ ఎక్కువ కూతలు కావాలి. కుక్కర్ గాస్కెట్ చిరిగితే పోస్టులో అది పెద్ద వార్త.

చలిలో ఒంటికి రోజుకు 4,000 కేలరీలు దాటి కావాలి. ఎత్తు మాత్రం ఆకలిని చంపేస్తుంది. డబ్బా పండ్లు, జీడిపప్పు, చాక్లెట్లు, సూపులు ఎదుటే ఉంటాయి, తినబుద్ధి కాదు. గుడ్లు రాళ్లలా బిగుసుకుంటాయి. కొన్ని కిలోలు తగ్గకుండా దిగివచ్చేవాళ్లు అరుదు.

ఇక్కడే ఒక వివాదం ఉంది. ఎత్తైన ప్రాంతాల్లోని జవాన్లకు మంచు కళ్లద్దాల కొరత 62 నుంచి 98 శాతం దాకా ఉందనీ, ప్రత్యేక రేషన్‌లో ఒక వస్తువు బదులు మరొకటి ఇచ్చినప్పుడు కేలరీలు కొన్నిచోట్ల 82 శాతం దాకా తగ్గాయనీ ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదిక 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చి చెప్పింది. అవి పాత సంవత్సరాల లెక్కలనీ, ఇప్పుడు పరిస్థితి మారిందనీ సైన్యాధిపతి అన్నారు. రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవు. కాగ్ చూసింది గడిచిన కాలాన్ని, సైన్యం చెప్పింది అప్పటి సంగతిని. కానీ కళ్లద్దాలను చిన్న విషయంగా తీసేయడానికి లేదు. కొత్త మంచు తన మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. కళ్లద్దాలు లేకుండా కొన్ని గంటలు నడిస్తే రాత్రికి కళ్లల్లో ఇసుక పోసినట్టుంటుంది, ఒకటి రెండు రోజులు చూపు ఉండదు.

కప్పు మీద టన్ను మంచు

సియాచిన్‌లో చలికాలపు మంచు 1,000 సెంటీమీటర్లు దాటుతుంది. ఒక్క రాత్రి 30 సెంటీమీటర్లు పడిందనుకుందాం. గాలికి కాస్త గట్టిపడితే చదరపు మీటరుకు 60 కిలోలు. మూడు మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవున్న కప్పు మీద 900 కిలోలు. అందుకే తుపాను రాత్రుల్లో పారలు పట్టుకుని వంతులవారీగా మంచు తీస్తూనే ఉండాలి. తలుపు లోపలికి తెరుచుకోవాలి, బయటికి తెరుచుకునేదైతే పొద్దునకి లోపలే బందీలు. గుడిసె నుంచి కాపలా చోటికీ, అక్కణ్ణుంచి మరుగుదొడ్డికీ తాడు కట్టి ఉంటుంది. తెల్లటి తుపానులో పది అడుగులు దారి తప్పినా తిరిగి రావడం కష్టం.

ఒక పోస్టు నుంచి మరో పోస్టుకు వెళ్లే గస్తీలో, ఫౌజీల మాటలో లింక్ పెట్రోల్‌లో, అందరూ ఒకే తాడుకు కట్టుకుని నడుస్తారు. మంచు కప్పిన బీట మీద ఒకడు కూలితే మిగతావాళ్లు ఆపాలి. ఎండ ఎక్కేకొద్దీ మంచు మెత్తబడుతుంది కాబట్టి నడక ఎక్కువగా తెల్లవారకముందే.

30 నుంచి 45 డిగ్రీల వాలులోనే చరియలు ఎక్కువ విరుగుతాయి. అంతకంటే నిటారుగా ఉంటే మంచు నిలవదు, తక్కువైతే జారదు. ముందస్తు హెచ్చరికలు చండీగఢ్‌లోని డీఆర్‌డీఓ కేంద్రం నుంచి వస్తాయి. చిక్కుకున్నవాళ్లను 15 నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు, 35 నిమిషాలయ్యేసరికి ముగ్గురే. హనుమంతప్ప ఆరు రోజులు ఉండగలిగింది కూలిన గుడారం కింద కాస్త గాలి మిగలడం వల్లే. మంచుకు ఏ జెండా అన్నది తెలియదు. 2012 ఏప్రిల్ 7న అవతల పాకిస్తాన్ వైపు గయారీలో ఒక బెటాలియన్ కేంద్రం మొత్తం 140 మందితో కప్పబడిపోయింది.

ఉండాలా, దిగాలా

గయారీ తర్వాత రెండు దేశాల్లోనూ ఈ చర్చ మళ్లీ లేచింది. దిగిపోవాలనేవాళ్ల వాదన ఇదీ: ఆ ఎత్తున పెద్ద సైన్యం ఏదీ కదలలేదు, అక్కణ్ణుంచి దండయాత్ర వచ్చే అవకాశం తక్కువ, ఖర్చూ ప్రాణాలూ మాత్రం ఏటా పోతున్నాయి, హిమనదం మీద చెత్త పేరుకుంటోంది. 2018 నుంచి 2019 సెప్టెంబరు నాటికి సైన్యం అక్కణ్ణుంచి 130 టన్నుల చెత్త కిందికి దింపింది.

ఉండాలనేవాళ్లు పటం చూపిస్తారు. 1963లో పాకిస్తాన్ చైనాకు అప్పగించిన షక్స్‌గామ్ లోయ ఉత్తరాన ఉంది, తూర్పున కారకోరం కనుమ. మధ్యలో సల్తోరో ఎత్తులు ఖాళీ చేసి, రేపు అవతలివాళ్లు ఎక్కి కూర్చుంటే తిరిగి తీసుకోవడం దాదాపు అసాధ్యం. 1989 జూన్‌లో సైన్యాలను వెనక్కి జరపడం మీద ఇరువైపులా సూత్రప్రాయంగా ఒక మాట కుదిరింది. చిక్కుముడి ఒక్కచోటే పడింది: దిగే ముందు ఇప్పుడెవరు ఎక్కడున్నారో పటం మీద సంతకం చేయాలని భారత్ అంటుంది, పాకిస్తాన్ ఒప్పుకోదు. 1999లో చలికాలం ఖాళీగా వదిలిన కార్గిల్ శిఖరాల్లోకి చొరబాట్లు జరిగాక నోటిమాట మీద దిగే ఆలోచనకు ఢిల్లీలో ఆదరణ పోయింది.

గల్వాన్ తర్వాత చలికాలపు శిబిరం అనే మాట పరిధే మారింది. 2020 జూన్ 15న అక్కడ చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది చనిపోయాక, ఆ ఏడాది తూర్పు లడఖ్‌లో సుమారు 50,000 మంది చలికాలమంతా నిలిచారు. సియాచిన్‌లో మూడు నాలుగు దశాబ్దాలుగా కొద్దిమందికి చేస్తున్న ఏర్పాటును కొన్ని నెలల్లో అంతమందికి చేయాల్సి వచ్చింది. కశ్మీర్ నుంచి లడఖ్‌కు వెళ్లే దారిలోని జోజిలా కనుమ మంచుతో మూసుకుపోయేలోపే నెలల సరుకు పైకి చేరాలి. వేసవిలోనే ఏడాది ఆవకాయ పెట్టుకున్నట్టు, కాకపోతే ఇక్కడ ఒక జాడీ తక్కువైతే ఫిబ్రవరిలో పక్కింట్లో అడగడానికి ఉండదు.

ఇంటి ధ్యాస: చిట్ఠీ నుంచి వీడియో కాల్ దాకా

జవాను ఇంటికిచ్చే చిరునామాలో ఊరి పేరుండదు. నంబరు, హోదా, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు). అంతే. 56 ఏపీఓకి ఢిల్లీలో, 99 ఏపీఓకి కోల్‌కతాలో ఉత్తరాలు చేరి, అక్కణ్ణుంచి ఆర్మీ తపాలా వాళ్లు యూనిట్ ఎక్కడుంటే అక్కడికి పంపుతారు. మావాడు ఎక్కడున్నాడో తెలియదు గానీ ఉత్తరం రాస్తే చేరుతుంది అని పెద్దవాళ్లు చెప్పే మాట వెనక ఉన్నది ఈ ఏర్పాటే. పైపోస్టులకు తపాలా సంచి కూడా ఆ చీతాలోనే రావాలి. మందులు, కిరోసిన్, బ్యాటరీల తర్వాతే దాని వంతు. సంక్రాంతికి రాసిన ఉత్తరం శివరాత్రికి అందొచ్చు.

తర్వాత ఉపగ్రహ ఫోన్లొచ్చాయి. 2017 నవంబరు దాకా నిమిషానికి 5 రూపాయలుండేది, అప్పుడు రూపాయికి తగ్గించి నెలకు 500 రూపాయల అద్దె ఎత్తేశారు. పోస్టులో ఫోన్ ఒకటే, క్యూలో పదిమంది. వంతు రాగానే "ఎలాగున్నావురా?" అని తల్లి, "బాగున్నానమ్మా, చలి కాస్త ఎక్కువ" అని ఇతను. మైనస్ 40ని ఏ తల్లికైనా అంతకంటే ఎలా చెబుతారు. 2023 అక్టోబరులో 15,500 అడుగులు దాటిన చోట బీఎస్‌ఎన్‌ఎల్ టవర్ నిలబెట్టారు. 2025 జనవరిలో 5జీ కూడా వచ్చింది.

ఇది మంచిదేనా అంటే అనుభవజ్ఞుల్లోనే రెండు మాటలున్నాయి. ఉత్తరంలోని కష్టం జవానుకు తెలిసేసరికి ఇంట్లో తీరిపోయి ఉండేది, ఉత్తరాన్ని మడతలు చినిగేదాకా చదువుకోవచ్చు అని పాతవాళ్లు అంటారు. ఇప్పుడు నాన్నకు జ్వరమనీ, పొలం గట్టు తగాదా అనీ సాయంత్రం ఆరింటికి తెలుస్తుంది, ఏడింటికి కాపలా, కదలడానికి లేదు. నిద్ర సరిగా పట్టక, ఆ ఎత్తులో ఆలోచన మందగించిన మనిషికి ఇది మామూలు దిగులు కంటే బరువైనదే, తాడుకు కట్టుకుని బీటల మధ్య నడిచేటప్పుడు పరధ్యానం మిగతావాళ్లకూ ముప్పే. మరోపక్క కబురు లేని కాలంలో మనసు కల్పించుకునేవి నిజం కంటే ఘోరంగా ఉండేవి, పుట్టిన బిడ్డ ముఖం నెలల తర్వాత చూడటం ఏ ధైర్యానికీ పనికిరాదు అనేవాళ్లూ ఉన్నారు. నడిపే పద్ధతిలో ఈ రెండూ కనిపిస్తాయి. మాట్లాడనిస్తారు, కానీ ఫోన్ తర్వాత ముడుచుకుపోయిన వాడి మీద తోడున్నవాళ్లు కన్నేసి ఉంచుతారు, అవసరమైతే మర్నాటి గస్తీ నుంచి తప్పిస్తారు.

ఒంటరితనానికి పోస్టుల్లో మరో ఆసరా ఉంది. 1980లలో మలౌన్ పోస్టును ఒంటరిగా కాచాడని చెప్పే ఓంప్రకాశ్ అనే సిపాయిని ఓపీ బాబాగా కొలుస్తారు. పైకి వెళ్లేముందు, దిగివచ్చాక బేస్ క్యాంప్ మందిరంలో ఆయనకు రిపోర్ట్ చేసుకోవడం ఆనవాయితీ. నమ్మినా నమ్మకపోయినా అందరూ చేస్తారు.

పెళ్లి ముహూర్తానికి అందుకోవడం

శ్రీకాకుళం జిల్లా జవాను ఒకరికి మాఘమాసంలో చెల్లెలి పెళ్లి ఉందనుకుందాం. సెలవు మంజూరైంది. పోస్టు నుంచి దిగాలంటే హెలికాప్టర్ రావాలి, లేదా లింక్ పెట్రోల్‌తో పోస్టు పోస్టుకూ ఆగుతూ కొన్ని రోజులు నడవాలి. మబ్బు పట్టిందంటే రెండూ ఆగుతాయి. బేస్ క్యాంప్ నుంచి థోయిస్ విమానాశ్రయం, అక్కణ్ణుంచి సైనిక విమానంలో చండీగఢ్, ఢిల్లీ. అక్కడ రైలెక్కితే ఆమదాలవలసకు ఒకటిన్నర రోజు. రైలు ప్రయాణం మాత్రమే టైముకు లెక్కకట్టగలిగింది. అందుకే తెలిసిన కుటుంబాలు ముహూర్తం అతని సెలవుకు తగ్గట్టు పెట్టవు, పెట్టినా అతను రావచ్చు రాకపోవచ్చు అనుకునే పందిరి వేస్తాయి.

కొందరి విషయంలో ఆ ఎదురుచూపు మరీ పొడవైంది. 1984 మే 29న మంచులో కూరుకుపోయిన కుమావు రెజిమెంట్ 19వ బెటాలియన్ లాన్స్ నాయక్ చంద్రశేఖర్ అవశేషాలు 2022 ఆగస్టులో దొరికాయి. సైనిక నంబరు చెక్కిన లోహపు బిళ్లను బట్టి ఆయనేనని తెలిసింది. 38 ఏళ్ల తర్వాత హల్ద్వానీలో అంత్యక్రియలు చేశారు.

పెళ్లికి అందుకున్నవాడి కథ కూడా అక్కడితో అయిపోదు. మూడు నాలుగు వారాలు ఊళ్లో ఉంటే రక్తం, ఊపిరితిత్తులు పల్లపు గాలికి మళ్లీ అలవాటుపడతాయి. పైన నెలలు గడిపి వచ్చాను, నాకేమవుతుంది అనుకుని నేరుగా ఎక్కినవాళ్లకు హేపో వచ్చిన కేసులు వైద్యుల దగ్గర చాలా ఉన్నాయి. అందుకే సంచీలో అమ్మ కట్టిచ్చిన అరిసెలు, పచ్చడి డబ్బాతో తిరిగొచ్చిన పాత జవాను కూడా కొత్తవాళ్ల వరసలోనే నిలబడతాడు. మొదటి రెండు రోజులు విశ్రాంతి, తర్వాత చిన్న నడక. అరిసెలు సాధారణంగా ఆ రెండు రోజుల్లోనే అయిపోతాయి.